పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టండి

సెలవులకు పిల్లల్ని ఊరికి తీసుకెళ్లినప్పుడు మనం వాళ్లకు చూపించేవి దాదాపు ఒకే వరసలో ఉంటాయి. బోరు కింద స్నానం, ట్రాక్టరెక్కి ఒక ఫొటో, రోజులు కలిసొస్తే తాటిముంజలు. అవన్నీ ఉండాల్సినవే. ఈసారి ఇంకొకటి కలపమని అమ్మానాన్నలకు నా మనవి. మెట్టచేలల్లో, బీళ్లలో, కంది సాళ్ల మధ్య బతికే వేట పిట్టల్ని చూపించండి. కౌజు, పూరేడు, కక్కెర కోడి, నేల నెమలి, బట్టమేక. మన తాతల కాలంలో ఇవి కూరకుండల్లోకి వచ్చేవి కాబట్టి వేట పిట్టలయ్యాయి. కొన్ని ఇప్పటికీ ఊరి పొలిమేరలోనే తిరుగుతున్నాయి. కొన్నిటి సంగతి తలుచుకుంటే దిగులేస్తుంది.

ఒక్క తొందరపాటు మాత్రం వద్దు. పిల్లాడు ఎక్కడో వీడియోలో బట్టమేకను చూస్తాడు. మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా బరువు, అంత ఒళ్లేసుకుని గాల్లోకి లేస్తుంది. ‘మన నంద్యాల జిల్లాలోనే రోళ్లపాడులో ఉంటుందట, తీసుకెళ్లు నాన్నా’ అంటాడు. నాన్న సరదాపడి కారు తీస్తాడు. పొద్దస్తమానం ఎండలో తిరిగి, పిట్ట కనబడక, పిల్లాడు ముఖం వేలాడేసుకుని ఇంటికొస్తాడు. మళ్లీ పిట్టల మాటెత్తడు.

వెళ్లే ముందే పిల్లలకు నిజం చెప్పాలి. రోళ్లపాడు అభయారణ్యం బట్టమేకల కోసమే 1988లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. ఎనభైల్లో అక్కడ వాటి సంఖ్య పెరిగింది, దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చి కూర్చున్నారు. తర్వాత తగ్గుతూ తగ్గుతూ, ఇప్పుడు కనబడటమే గగనమైంది. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి నూట యాభై లోపే, వాటిలోనూ ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారి ప్రాంతంలో ఉన్నాయి. ఈ సంగతి తెలిసి వెళ్లిన పిల్లలకు రోళ్లపాడు నిరాశ పెట్టదు. మోకాలెత్తు గడ్డి, కృష్ణజింకల మందలు, చలికాలమైతే మధ్య ఆసియా నుంచి వచ్చి సాయంత్రం గడ్డిలో వాలే పిల్లిగద్దలు ఉంటాయి. బట్టమేక కోసమని చెప్పి తీసుకెళ్తే ఇవేవీ వాళ్ల కంటికి ఆనవు.

‘మరి అవి ఎందుకు పోయాయి?’ అని అడుగుతారు. ఇక్కడ కాస్త నిదానంగా జవాబు చెప్పండి. ‘రైతులు పొలాలు చేసి పాడుచేశారు’ అనేది చాలామంది నోట తేలిగ్గా వచ్చే మాట, కానీ అది సగం కూడా నిజం కాదు. బట్టమేక బతికిందే ఆ రైతుల చేలల్లో. జొన్న, కొర్ర లాంటి వానాధారపు పంటల మధ్య మిడతల్ని ఏరుకు తింటూ, పక్కనున్న బీళ్లలో గుడ్డు పెడుతూ తరాల తరబడి ఉంది. కాలవ నీళ్లు వచ్చాక పంటలు మారాయి, మందులు పెరిగాయి, బీళ్లు దుక్కిలోకి వచ్చాయి. నీళ్లొస్తే వద్దనే రైతు ఎక్కడైనా ఉంటాడా? మరోపక్క అభయారణ్యంలో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. పంట పోగొట్టుకున్నవాళ్లకు అభయారణ్యమంటేనే కోపం వచ్చింది. ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ నేలమీద పెట్టే పిట్టకు ఇంత మార్పు తట్టుకునే సత్తువ లేదు. పైగా దానికి ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు, కళ్లు పక్కలకు ఉంటాయి. ఎగురుతూ కరెంటు తీగలకు కొట్టుకుని చనిపోవడం ఇప్పుడు దానికున్న పెద్ద గండాల్లో ఒకటి. దొంగ ఒకడే ఉన్న కథ పిల్లలకు ఇష్టమే, కానీ ఈ కథలో అలాంటివాడు లేడు. పదేళ్లు దాటిన పిల్లలు దీన్ని అర్థం చేసుకోగలరు. మనమే వాళ్లను తక్కువ అంచనా వేస్తాం.

జాతీయ పక్షిగా బట్టమేకను పెట్టమని పక్షిశాస్త్రవేత్త సలీం అలీ గట్టిగా వాదించారనీ, చివరికి 1963లో నెమలికి ఆ హోదా దక్కిందనీ కూడా చెప్పండి. పిల్లలు దీనిమీద ఇంట్లో రెండు పార్టీలుగా విడిపోయి కొట్టుకుంటారు. కొట్టుకోనివ్వండి.

ఇక అసలు పని కౌజుతో మొదలుపెట్టండి. అరుదైనది కాదని చిన్నచూపు వద్దు. కౌజును కనిపెట్టడం వచ్చిన పిల్లకు ఏ వేట పిట్టనైనా వెదకడం వస్తుంది. తుమ్మచెట్లు, రేగుపొదలు ఉన్న గట్టు పక్కన పొద్దు పొడిచే వేళకు చేరండి. ముందు చెవులకు పని పెట్టండి. ఒకటి మొదలుపెడుతుంది, మూడు ముక్కలుగా, గొంతు చించుకుని, మళ్లీ మళ్లీ. అవతలి చేలోంచి ఇంకొకటి అందుకుంటుంది. కూత ఎటు నుంచి వచ్చిందో పిల్లల్ని వేలుపెట్టి చూపించమనండి. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరూ చెరో దిక్కు చూపిస్తారు. అదే మంచి ఆట.

తర్వాత నేల చూడటం నేర్పండి. మెత్తటి దుమ్ములో చిన్న చిన్న గుంటలు కనబడితే అవి కౌజులు మట్టిస్నానం చేసిన చోట్లు. ఒంటికి పట్టిన పేలు వదిలించుకోవడానికి అలా దుమ్ములో పొర్లుతాయి. బండ్లదారి మీద మూడు వేళ్లు ముందుకు ఉన్న కాలిజాడలు దొరుకుతాయి. కౌజు మనిషిని చూస్తే ముందు పరిగెడుతుంది, మరీ దగ్గరికి వస్తే తప్ప ఎగరదు. ఎగిరితే రెక్కల చప్పుడుకు పిల్లలే కాదు, పెద్దవాళ్లూ ఉలిక్కిపడతారు. అందుకే వెంబడించడం దండగ. గట్టు మీద కదలకుండా కూర్చుంటే, మనం ఉన్నామన్న సంగతి మరిచి జంటగానో, పిల్లల్ని వెంటేసుకునో బాటమీదికి అవే వస్తాయి. వాన వెలిసిన పొద్దున అయితే ఇంకా సులువు. తడి గడ్డిలో ఉండలేక ఒళ్లు ఆరబెట్టుకోవడానికి బయటికొస్తాయి. రాత్రిళ్లు ముళ్లచెట్ల మీద పడుకుంటాయి కాబట్టి, చీకటి పడేవేళ ఆ చెట్లవైపు చూపు ఉంచినా ఫలితం ఉంటుంది.

ఎంతసేపు కూర్చోబెట్టాలన్నది తల్లుల ప్రశ్న. ఆరేళ్ల పిల్లకు పావుగంట చాలు. ఆ తర్వాత అది మట్టిలో బొమ్మలు గీస్తుంది, గీసుకోనివ్వండి. గీస్తూ గీస్తూ తలెత్తిన క్షణంలోనే పిట్ట కనబడొచ్చు. ‘కదలకు, మాట్లాడకు, చూడు’ అని పది నిమిషాలకోసారి గద్దిస్తే ఆ పొద్దున్న మొత్తం బడిలా మారిపోతుంది. ముదురు రంగు పాత బట్టలు వేయండి, తెల్ల చొక్కా వద్దు. దూరదర్శిని ఉంటే మంచిదే, లేకపోయినా ఏమీ కాదు.

పూరేడు గురించి పిల్లలకు చెప్పగలిగింది చాలా ఉంది. మనవాళ్లు పూరేడు అని పిలిచేవాటిలో ఒకదానికి కాలికి వెనకవేలు ఉండదు, మూడే వేళ్లు. చూడ్డానికి కౌజు జాతిలా ఉన్నా వంశం వేరు. అందులో ఆడదే పెద్దది, రంగుల్లో మెరుగైనది, గొంతు కింద నల్లటి మచ్చ ఉంటుంది. కూత కూసేదీ అదే, దూరాన మోటారుసైకిలు పోతున్నట్టు ఒక గుర్రుమనే శబ్దం. గుడ్లు పెట్టి అది ఇంకో మగణ్ణి వెదుక్కుంటూ వెళ్లిపోతుంది. గుడ్లు పొదిగేదీ పిల్లల్ని పెంచేదీ తండ్రే. ఇది విన్న పిల్లలు నాన్న వంక తిరిగి అడిగే ప్రశ్నలకు నాన్నలు సిద్ధంగా ఉండటం మంచిది.

తొలకరి పడ్డాక ఇంకో రకం వినబడుతుంది, గడ్డిలోంచి రెండేసి చిటికెలుగా. మగదానికి రొమ్ము నల్లగా ఉంటుంది. చలికాలంలో వలస వచ్చే పూరేడు కోత కోసిన చేలల్లో, కొయ్యకాళ్ల మధ్య దాక్కుంటుంది. అడుగు దూరంలో ఉన్నా కనబడదు. కక్కెర కోడి ఒంటినిండా చుక్కలతో ఉంటుంది. వానాకాలంలో మగది చిన్న చెట్టెక్కి గొంతెత్తి అరుస్తుంది, దాన్ని చూడాలంటే అదే అదను. నేల నెమలి సంగతి మాత్రం మాటల్లో చెప్పుకోవాల్సిందే. వానాకాలంలో మగది గడ్డి మీంచి నిలువునా పైకెగిరి పడుతుంది, ఆడదాని కంట పడటానికి రోజుకు కొన్ని వందల సార్లు. నల్లటి ఒళ్లు, తలవెనక రిబ్బన్ల లాంటి ఈకలు. రోళ్లపాడు ప్రాంతానికి ఇవి వచ్చేవి. బట్టమేక లాగే ఇదీ అంతరించే అంచున ఉంది. ఎవరికైనా అదృష్టవశాత్తూ కనబడితే దూరాన్నే నిలబడి చూసి వచ్చేయాలి.

ఇప్పుడు జాగ్రత్తల మాట. ఇందులో మొహమాటం వద్దు, పిల్లలు విసుక్కున్నా చెప్పాల్సిందే. అన్నిటికంటే పెద్ద ప్రమాదం పామని అనుకుంటాం, కాదు. అడవిపందుల బెడదకు కొన్నిచోట్ల చేల చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. అది చట్టవిరుద్ధం, అయినా జరుగుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాటికి మనుషులు బలైన వార్తలు చదువుతూనే ఉన్నాం. రాత్రి పెట్టిన తీగను తెల్లారేదాకా తీయకపోవచ్చు. కాబట్టి ముందురోజే చేనుగలవారిని కనుక్కోకుండా, చీకటితో పిల్లల్ని ఏ చేలోకీ దింపకండి. రెండోది బావులు. ఒరలేని పాత బావుల అంచున గడ్డి పెరిగి నేలలా కనబడుతుంది. మూడోది మందు కొట్టిన చేను. నిన్న పిచికారీ చేశారో లేదో అడగాలి, చేశారంటే గట్టు మీదికి కూడా పోవద్దు. పాములకు బూట్లు, చేతికర్ర, చూసి అడుగేయడం, ఈ మూడూ చాలు. పిల్లలు పొదల్లో చెయ్యి పెట్టకుండా చూడండి.

చేనుగల వాళ్లను అడగడం జాగ్రత్త కోసమే అనుకోకండి. పిట్టల జాడ తెలిసేది వాళ్లకే. గొర్రెల కాపరికి తెలిసినంత మనకు తెలియదు. కడప జిల్లాలో ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివికోడి 1986 జనవరిలో మళ్లీ దొరికింది. రాత్రిపూట లైటు వేసి దాన్ని పట్టి చూపించింది ఆ ప్రాంతపు పిట్టల వేటగాడే. శాస్త్రవేత్త ఎంత వెదికినా ఆ వేటగాడి కన్ను లేకపోతే పని జరిగేది కాదు. కాబట్టి చేలోకి వెళ్లగానే పిల్లల చేత ‘తాతా, బాగున్నారా’ అనో, ‘పెద్దయ్యా, ఇక్కడ కౌజులు తిరుగుతాయా’ అనో పలకరింపజేయండి. ఆయన ఏదైనా పేరు చెబితే, ఫోన్‌లో ఉన్న ఇంగ్లీషు పేరుతో అక్కడే సరిదిద్దకండి. పిల్లలు ఆ పేరు పుస్తకంలో రాసుకోవాలి. మనకు తెలిసిన పేరు ఇంటికొచ్చాక పక్కన రాసుకోవచ్చు.

ఫోన్ సంగతి వచ్చింది కాబట్టి. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ లాంటి యాప్‌లు పిల్లలకు బాగా నచ్చుతాయి, వాడనివ్వండి. కానీ ఫోన్‌లోంచి కూత వినిపించి పిట్టను పిలవడం మాత్రం ఆపాలి. మునుపు వేటగాళ్లు పంజరంలో దీమం పిట్టను పెట్టి, దాని కూతకు పోట్లాటకు వచ్చిన అడవి కౌజును ఉచ్చులో పట్టేవాళ్లు. ఫోన్ చేసేదీ అదే పని, ఉచ్చు ఒక్కటే లేదు. పిట్ట తిండి మానేసి, పిల్లల్ని వదిలి, లేని శత్రువు కోసం తిరుగుతుంది. అరుదైన పిట్ట దొరికిన చోటును గుంపుల్లో పంచుకోవడమూ వద్దు. చూసేవాళ్లతో పాటు వలలు తెచ్చేవాళ్లూ ఆ గుంపుల్లో ఉంటారు.

గూడు దొరికితే? ఈ పిట్టలన్నీ నేలమీదే, పొద మొదట్లోనో గడ్డిదుబ్బు కిందో గుడ్లు పెడతాయి. తెలియక దగ్గరికి వెళ్తే తల్లి ఒక్కోసారి రెక్క విరిగినట్టు నటిస్తూ కుంటుకుంటూ పక్కకు పోతుంది. ‘పాపం దెబ్బ తగిలింది, పట్టుకుందాం’ అని పిల్లలు వెంటపడతారు. అది నాటకమని చెప్పి, వచ్చిన దారినే వెనక్కి తీసుకురండి. గుడ్లు ముట్టుకోవడం, గడ్డి పక్కకు తోసి ఫొటో తీయడం రెండూ వద్దు. తొక్కిన గడ్డి బాటలాగా మారి కుక్కకో ముంగిసకో దారి చూపిస్తుంది. కాకులు సరేసరి, మనం ఎక్కడ వంగామో చెట్టు మీంచి చూస్తూనే ఉంటాయి.

ఊళ్లో బావమరిది కొడుకో, మేనల్లుడో ఉండేలు పట్టుకుని తిరుగుతుంటాడు. మీ పట్నం పిల్లల ముందు వాణ్ణి దుర్మార్గుడిగా నిలబెట్టకండి. సలీం అలీ కూడా చిన్నప్పుడు గాలితుపాకీతో పిచ్చుకల్ని కొట్టినవాడే. కొట్టిన పిచ్చుక గొంతుకు పసుపు మచ్చ ఎందుకుందో తెలుసుకోవాలని బొంబాయిలోని నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకెళ్లాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ కుర్రాణ్ణి కసరకుండా, అల్మరాలు తెరిచి దాచిన పిట్టలన్నీ చూపించాడు. అక్కడి నుంచి ఏం జరిగిందో లోకానికి తెలుసు. ఉండేలు పట్టినవాడికి పిట్టలుండే చోటు తెలుసు, గురి ఉంది, ఓపిక ఉంది. ‘రేపు పొద్దున మాకు కౌజుల్ని నువ్వే చూపించాలిరా’ అని వాడికి పెత్తనం ఇచ్చి చూడండి. అడవి పిట్టల్ని పట్టడం, చంపడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న సంగతీ చెప్పాలి, కాకపోతే రెండో రోజు చెప్పండి.

‘మొన్న హోటల్లో కౌజు వేపుడు తిన్నాం కదా’ అని మీ పిల్లే నిలదీయవచ్చు. తడబడక్కర్లేదు. హోటళ్లలో మామూలుగా వడ్డించేది ఫారాల్లో కోళ్లలాగా పెంచే జపాన్ జాతి పిట్ట. చేలో కూసే కౌజు వేరు. రోడ్డు పక్కన పంజరాల్లోనో, కాళ్లకు తాడు కట్టో ‘అడవివి’ అని అమ్మేవాటిని మాత్రం కొనకండి. జాలిపడి, వదిలేద్దామని కొన్నా అమ్మేవాడికి గిట్టుబాటే, రేపు ఇంకో రెండు పట్టుకొస్తాడు.

ఇంటికొచ్చాక పిల్లలు పుస్తకంలో ఏం రాసుకున్నా దిద్దకండి. ఎన్ని రకాలు చూశావు, పెదనాన్న కొడుకు ఎన్ని చూశాడు అని లెక్క తీయడం మొదలుపెడితే అది ర్యాంకుల వ్యవహారమైపోతుంది. మన ఇళ్లలో అలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయి. ఏమీ కనబడని పొద్దున్న కూడా ‘ఏమీ కనబడలేదు, తుమ్మల వైపు రెండు కూతలు విన్నాం’ అని తేదీతో రాయించండి. పిట్టల్ని లెక్కపెట్టేవాళ్లు అలాంటి రాతకూ విలువిస్తారు.

చివరగా పెద్దవాళ్లతో ఒక మాట. ఇంగ్లండ్‌లో కౌజు లాంటి బూడిదరంగు పిట్ట ఒకటి పొలాల్లోంచి తగ్గిపోతుంటే, డిక్ పాట్స్ అనే పరిశోధకుడు 1968లో ససెక్స్ చేలల్లో లెక్కలు మొదలుపెట్టాడు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలకు మొదటి రెండు మూడు వారాలు పురుగులే తిండి. గడ్డిమందుతో కలుపు పోయింది, కలుపుతో పాటు దానిమీది పురుగులు పోయాయి, తిండి లేక పిల్లలు బతకలేదు. మన కౌజు పిల్లలు తినేదీ చీమలు, చెదలు, మిడతలే. మన దగ్గరా ఇప్పుడు గట్ల మీద గడ్డిమందు కొడుతున్నారు, కోత కాగానే కొయ్యకాళ్లు తగలబెడుతున్నారు. ఈ వ్యాసం చదివే అమ్మానాన్నల్లో చాలామంది తాతలనాటి పొలాన్ని కౌలుకిచ్చి పట్నంలోనో, విదేశంలోనో ఉంటున్నవాళ్లే. ఈసారి కౌలు మాట్లాడేటప్పుడు, గట్ల మీద మందు కొట్టవద్దనీ, ఒక మూల రేగుపొదలు అలాగే వదిలేయమనీ, కొయ్యకాళ్లు కాల్చవద్దనీ ఆ రైతును అడగండి. అందువల్ల ఆయనకు కూలీ ఖర్చు పెరుగుతుంది కాబట్టి కౌలులో ఆ మేరకు తగ్గించుకోండి. ఆ మాట మాట్లాడేటప్పుడు మీ పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి.